జాబితాలో మా జిల్లానే లేదు, పొలం పోయినట్టేనా?

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక అక్క రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఆవిడకి యాభై ఏడేళ్లు. తెలుగు మీడియంలో పదో తరగతి వరకు చదువుకున్నారు. ఒడియా గడగడా మాట్లాడతారు కానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. భర్త స్కూలు మాస్టారు, రెండేళ్ల క్రితం పోయారు. బ్యాంకు పనులు, కరెంటు బిల్లు, పొలం కాగితాలు అన్నీ ఆయనే చూసుకునేవారు, ఈవిడకి సంతకం పెట్టడం తప్ప ఇంకో పని ఉండేది కాదు. ఒక్కడే కొడుకు, బెంగళూరులో ఉద్యోగం. పోయిన దసరాకి వచ్చినప్పుడు తన పాత ల్యాప్‌టాప్ ఇంట్లో పెట్టి, "అన్నీ ఇందులోనే ఉంటాయమ్మా, నేర్చుకో" అని ఓ అరగంట చూపించి వెళ్లాడు.

ఒక రోజు పొలం కాగితం చూద్దామని ఆవిడ తెలుగులో భూమి రికార్డులు అని కొట్టి వెతికారు. ఒక సైట్ తెరుచుకుంది, అంతా తెలుగే, ప్రాణం లేచొచ్చింది. జిల్లా ఎంచుకోమంది. శ్రీకాకుళం ఉంది, పార్వతీపురం మన్యం ఉంది, విజయనగరం ఉంది. గజపతి లేదు. పైనుంచి కింది దాకా మూడుసార్లు వేలు పెట్టి చూశారట, లేదు. ఆయన పోయాక పేరు మార్పించుకోలేదు కాబట్టి గవర్నమెంటు వాళ్లు తీసేశారేమో అనుకుని ఆ రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు మళ్లీ వెతుకుతుంటే ఇంకేదో పేజీలో చిన్న పెట్టె వచ్చింది, అది పోవాలని అందులో ఉన్న 'అలో' నొక్కారు. అప్పటి నుంచి స్క్రీన్ మూలన "మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి" అని వస్తూనే ఉంది. భయమేసి ల్యాప్‌టాప్ మూత దించి బీరువాలో పెట్టేశారు.

కొడుక్కి ఫోన్ చేస్తే, పైన అడ్రస్ బార్‌లో కొట్టు, ఆ ట్యాబ్ కాదు ఈ ట్యాబ్, బ్యాక్ వెళ్లు, క్లోజ్ చెయ్యకు అని ఒకటే కంగారు. చివరికి విసుక్కుని "నువ్వేదీ ముట్టుకోకు, నేను ఇక్కణ్ణుంచి చేస్తాను, ఓటీపీ వస్తే చెప్పు చాలు" అన్నాడు. వీధి చివర నెట్ సెంటర్ ఉంది, అక్కడి కుర్రాడు మంచివాడే, కానీ ఆవిడ బ్యాంకు ఐడీ, పాస్‌వర్డ్ అతని నోట్‌బుక్‌లో రాసి ఉన్నాయి. ఆవిడ అడిగింది ఇది: "ఈ వయసులో నాకు ఇది అవసరమా? మా గుంటడికి అప్పగించేసి ఊరుకోనా? ఊరుకుంటే ఆయన లేకపోతే ఏమీ చేతకానిదాన్నయ్యానని బాధ. ముట్టుకుంటే ఏది పాడవుతుందో అని భయం."

అక్కా, ముందు పొలం సంగతి చెప్పేస్తాను, అది తేలకపోతే మిగతాది మీ చెవికెక్కదు. జాబితాలో జిల్లా కనిపించనంత మాత్రాన మీ పొలం ఎక్కడికీ పోలేదు. మీరు తెరిచింది మీభూమి, అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సైట్. అందులో ఆంధ్రా భూముల లెక్కే ఉంటుంది, ఆంధ్రా జిల్లాలే కనిపిస్తాయి. మీ గజపతి పేరు అందులో ఉండదు, మా గంజాం పేరూ ఉండదు, రాయగడ, కొరాపుట్ కూడా ఉండవు. మీ పొలం ఒడిశాలో ఉంది కాబట్టి దాని లెక్క ఒడిశా వాళ్ల భూలేఖ్ సైట్‌లో చూడాలి. అక్కడ జిల్లా, తహసీల్, ఊరు, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) సర్కిల్ ఎంచుకుని, ఖాతా నంబరుతోనో ప్లాట్ నంబరుతోనో పట్టాదారు పేరుతోనో వెతుక్కోవచ్చు. మాస్టారి పాత పట్టా కాగితం ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది, ఈ నంబర్లు దాని మీదే ఉంటాయి, ముందు అది తీసి పక్కన పెట్టుకోండి.

ఇది సరిహద్దులో ఉన్న తెలుగువాళ్లందరికీ వచ్చే చిక్కే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, ఆనుకుని ఉన్న పాతపట్నం అటే ఉండిపోయింది. మనం పొద్దున్న అటు వెళ్లి సాయంత్రం ఇటు వస్తాం, చుట్టాలు రెండు వైపులా ఉంటారు, మనకి ఆ తేడా పెద్దగా తెలియదు. కానీ మనం తెలుగులో ఏదైనా వెతికితే వచ్చే జవాబుల్లో ఎక్కువ భాగం ఆంధ్రా, తెలంగాణల కోసం రాసినవే ఉంటాయి, తెలుగులో రాసేవాళ్లు ఎక్కువమంది అక్కడే ఉన్నారు కదా మరి. బరంపురంలో మా వీధిలో ఒకావిడ పింఛను కోసం తెలుగులో వెతికి, ఆంధ్రా పథకం వివరాలన్నీ ఓపిగ్గా కాగితం మీద రాసుకుని, అది పట్టుకుని మా మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్లింది. అక్కడ వాళ్లకి ఈవిడ ఏమంటోందో అర్థం కాలేదు, ఈవిడకి వాళ్లు ఎందుకు కాదంటున్నారో అర్థం కాలేదు. అందుకే రేషను, పింఛను, భూమి, స్కాలర్‌షిప్పు ఏది వెతికినా చివర ఒడిశా అన్న మాట జోడించండి. భూలేఖ్ ఒడిశా. రేషన్ కార్డు ఒడిశా. మాట ఒక్కటే, కానీ మీరు ఏ ప్రభుత్వం గుమ్మం ముందు నిలబడతారో అదే తేలుస్తుంది.

ఇక మీ భయం గురించి. మీ ఉత్తరంలో 'ముట్టుకుంటే పాడవుతుందేమో' అన్న మాట నాలుగు చోట్ల ఉంది. ఈ మాట మీ మనసులోంచి పోతే సగం పని అయిపోయినట్టే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

బ్రౌజర్‌లో మనం చేసే పనులు రెండే రకాలు అనుకోండి. ఒకటి చూడటం, రెండోది ఇవ్వడం. పేజీ తెరవడం, కిందికి జరపడం, వెనక్కి వెళ్లడం, మూసేయడం, మళ్లీ తెరవడం, ఇవన్నీ చూడటం. మీభూమిలో మీరు జిల్లాల జాబితా తెరిచినంత మాత్రాన ఎవరి పొలమూ చెరిగిపోదు, మీ బ్యాంకు సైట్ మొదటి పేజీ తెరిచినంత మాత్రాన ఒక్క రూపాయి కదలదు. ఊరి గ్రంథాలయంలో పుస్తకం తీసి తిరగేసి మళ్లీ పెట్టేసినట్టే. రెండో రకం ఇవ్వడం. పాస్‌వర్డ్ ఇవ్వడం, పిన్ ఇవ్వడం, ఓటీపీ ఇవ్వడం, కార్డు నంబరు ఇవ్వడం, 'అలో' నొక్కి అనుమతి ఇవ్వడం, ఏదో డౌన్‌లోడ్ చేసి దాన్ని కంప్యూటర్‌లో ఎక్కనివ్వడం. జరిగే నష్టం దాదాపు ఎప్పుడూ ఈ రెండో రకంలోంచే వస్తుంది. కాబట్టి చూసేటప్పుడు ధైర్యంగా, ఎన్ని తప్పులైనా చేస్తూ చూడండి. ఏదైనా ఇవ్వమని అడిగినప్పుడు మాత్రం చెయ్యి ఆపండి, ఎవరు అడుగుతున్నారో చూడండి. మీ విషయంలో జరిగింది తిరగేసి ఉంది, చూడటానికి భయపడ్డారు, ఆ చిన్న పెట్టె విసిగిస్తోందని అనుమతి మాత్రం చటుక్కున ఇచ్చేశారు. మీ ఒక్కరనే కాదు, కొత్తవాళ్లలో ఎక్కువమంది ఇలాగే చేస్తారు. పెట్టె అడ్డంగా ఉంటే దాన్ని తప్పించాలనే అనిపిస్తుంది, అందులో ఏం రాసి ఉందో చదవాలనిపించదు.

ఆ వైరస్ గోల తీసేయడం చాలా తేలిక. అది కంప్యూటర్‌కి పట్టిన జబ్బు అయి ఉండదు. మీరు 'అలో' నొక్కినప్పుడు ఆ సైట్ వాళ్లకి మీ స్క్రీన్ మూలన నోటీసులు అంటించే హక్కు ఇచ్చారు, వాళ్లు అంటిస్తూ పోతున్నారు, అంతే. క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు నిలువుగా ఉంటాయి. అవి నొక్కి సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అక్కడ నోటీసులు పంపడానికి అనుమతి ఉన్న సైట్ల పేర్లు వరసగా కనిపిస్తాయి. తెలియని పేరు ఏది ఉన్నా దాని పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి బ్లాక్ అనండి. ఆ నోటీసులో ఫోన్ నంబరు ఏదైనా ఉంటే దానికి మాత్రం చేయొద్దు. వైరస్ తీసేస్తామని, ముందు ఫలానా యాప్ వేసుకోమని చెప్పేవాళ్లే అటువైపు ఉంటారు. ఎప్పుడైనా స్క్రీన్ నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి ఎక్కడ నొక్కినా కదలకపోతే, ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకుని చూడండి, అప్పటికీ కాకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే కిటికీ మొత్తం మూసుకుపోతుంది.

ఇప్పుడు మీ అబ్బాయి వాడిన మాటలు. క్రోమ్ తెరువు, గూగుల్ తెరువు, నెట్ తెరువు అని మూడు రకాలుగా అంటున్నాడని, మూడూ ఒకటేనా అని అడిగారు. చాలా మంచి ప్రశ్న, ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లకి కూడా ఇది స్పష్టంగా తెలియదు. ఇంటర్నెట్ అంటే దారి, ఊరూరినీ కలిపే రోడ్డు లాంటిది. క్రోమ్ అంటే ఆ దారి మీద మిమ్మల్ని తీసుకెళ్లే బండి, దాన్నే బ్రౌజర్ అంటారు, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ కూడా అలాంటి బండ్లే. గూగుల్ వెతికే పేజీ అంటే దారి తెలియనప్పుడు ఆగి అడిగే చోటు. ఊరు తెలిస్తే అక్కడ ఆగి అడగక్కర్లేదు, నేరుగా వెళ్లిపోవచ్చు. పైన పొడుగ్గా ఉన్న గడి ఉంది చూశారా, అదే అడ్రస్ బార్. దానిలో సైట్ చిరునామా పూర్తిగా కొడితే నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది, ఏవో మాటలు కొడితే వెతికి పెడుతుంది. ఒకే గడి రెండు పనులు చేస్తుంది కాబట్టే ఇంత తికమక. అది ఎక్కడుందో కనబడకపోతే కంట్రోల్ మీట పట్టుకుని ఎల్ నొక్కండి, ఆ గడి నీలంగా వెలుగుతుంది, అప్పుడు కొట్టడం మొదలెట్టొచ్చు.

దానికి ఎడమ పక్కన ఎడమవైపు చూసే బాణం ఒకటి ఉంటుంది. మీ అబ్బాయి బ్యాక్ అన్నది దాన్నే. మా అత్తగారికి నేర్పినప్పుడు నేను గమనించింది ఏమిటంటే, ఆవిడ వెనక్కి వెళ్లాల్సి వచ్చిన ప్రతిసారీ కుడివైపు పైనున్న ఇంటూ గుర్తు నొక్కేసేవారు. అంతా మూసుకుపోయేది, మళ్లీ మొదటి నుంచి. గదిలోంచి వరండాలోకి రావాలంటే ఇల్లు తాళం వేసి వీధిలోకి వెళ్లి మళ్లీ రావడం లాంటిది అది. వారం రోజులు ఆ బాణం ఒక్కటే నేర్చుకున్నారు, ఇంకేమీ లేదు. ఏ పేజీ తెరిచినా ముందు ఆ బాణం ఎక్కడుందో చూసుకునేవారు, అది నొక్కి ఇందాకటి పేజీకి వచ్చేవారు, కుడివైపు బాణంతో మళ్లీ ముందుకి. పదిసార్లు అటూ ఇటూ తిరిగాక ఆవిడ ముఖంలో టెన్షన్ పోయింది. వచ్చిన దారి తెలిస్తే ఎంత లోపలికైనా వెళ్లొచ్చని ఆవిడకి ఆ రోజే అర్థమైంది. మీరు కూడా మొదటి వారం ఆ ఒక్క బాణంతోనే గడపండి. ఒక్క జాగ్రత్త మాత్రం, డబ్బు కడుతున్నప్పుడూ ఫారం నింపుతున్నప్పుడూ వెనక్కి బాణం నొక్కితే కొన్ని సైట్లు సెషన్ అయిపోయింది అని మళ్లీ మొదటికి పంపేస్తాయి. కంగారు పడకండి. డబ్బు కట్టే చోట అలా జరిగితే మళ్లీ కట్టే ముందు ఖాతాలో డబ్బు పోయిందో లేదో చూసుకోండి.

ట్యాబ్ అంటే అడ్రస్ బార్ పైన వరసగా కనిపించే చీటీలు. ఒక్కో చీటీ ఒక్కో పేజీ. కొన్ని లింకులు నొక్కితే ఉన్న పేజీ మారదు, పక్కన కొత్త చీటీ లేస్తుంది, ఆ కొత్త చీటీలో వెనక్కి బాణం వెలిసిపోయి ఉంటుంది, నొక్కినా పని చేయదు. మీరు "బ్యాక్ పని చేయడం లేదు, పాడైపోయింది" అని రాసింది దాదాపుగా ఇదే అయి ఉండాలి. పాడవలేదు, పాత పేజీ పక్క చీటీలో అలాగే ఉంది, దాని మీద నొక్కితే చాలు. పొరపాటున చీటీ మూసేస్తే కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని టి నొక్కండి, మూసేసింది తిరిగి వస్తుంది. మీ ఫోన్‌లో పైన చిన్న చదరంలో అంకె పెరుగుతూ పోతోందని, ఒక రోజు అంకె పోయి ఏదో గుర్తు వచ్చిందని రాశారు. తెరిచి వదిలేసిన ట్యాబ్‌ల లెక్క అది. ఆండ్రాయిడ్ ఫోన్ క్రోమ్‌లో వంద చేరితే అంకె బదులు నవ్వు ముఖం గుర్తు పెడతారు. దాని మీద నొక్కి, మూడు చుక్కల్లో క్లోజ్ ఆల్ ట్యాబ్స్ అంటే అన్నీ శుభ్రమవుతాయి. దానివల్ల మీకు పోయేదేమీ లేదు, తర్వాత కావాలంటే హిస్టరీలో దొరుకుతాయి.

అక్షరాలు చిన్నగా ఉన్నాయని కళ్లజోడు మార్చే ముందు కంట్రోల్ పట్టుకుని ప్లస్ గుర్తు నొక్కి చూడండి.

ఇప్పుడు ఇచ్చే పని దగ్గరికి వద్దాం, ఇక్కడ మాత్రం నిదానం కావాలి. ఏ సైట్ అయినా పాస్‌వర్డో ఓటీపీయో అడిగితే ముందు పైన అడ్రస్ చదవండి. చదవడానికి ఒక పద్ధతి ఉంది. మనం ఉత్తరం మీద రాసేటప్పుడు ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా అని చిన్నదాని నుంచి పెద్దదానికి రాస్తాం కదా, సైట్ అడ్రస్ కూడా అంతే, మొదట్లో https:// ఉంటే అది వదిలేసి, ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత వచ్చేలోపు చివర ఉన్నదే అసలు ఇంటిపేరు. ప్రభుత్వ సైట్లకి ఆ చివర డాట్ గవ్ డాట్ ఇన్ అనో డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్ అనో ఉంటుంది, ఆ పేర్లు ప్రైవేటు వాళ్లకి ఇవ్వరు. భూలేఖ్ అడ్రస్ ఎన్ఐసీ డాట్ ఇన్ తోనే ముగుస్తుంది. గవ్ అన్న మాట మధ్యలో ఎక్కడో ఉండి, చివర డాట్ కామ్ ఉందంటే అది ప్రభుత్వానిది కాదు, పేరు చూసి మోసపోవద్దు. తాళం బొమ్మ ఉంటే భద్రం అని ఎవరో చెప్పారని రాశారు. తాళం ఉందంటే మీకూ ఆ సైట్‌కీ మధ్య మాటలు దారిలో ఎవరూ వినలేరని మాత్రమే అర్థం, అవతల ఉన్నవాడు మంచివాడని కాదు. దొంగ సైట్లకి కూడా ఆ తాళం దొరుకుతుంది. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మ తీసేసి వేరే గుర్తు పెట్టింది. ఇంకో మాట, వెతికినప్పుడు పైన స్పాన్సర్డ్ అని ఉంటే అది డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన. కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికి, కనిపించిన మొదటి నంబరుకి ఫోన్ చేయడం లాంటి ప్రమాదం ఇంకొకటి లేదు. కరెంటు వాళ్ల నంబరు కరెంటు బిల్లు మీదే ఉంటుంది, బ్యాంకు నంబరు పాస్‌బుక్ మీదో కార్డు వెనకో ఉంటుంది, అక్కడే చూసుకోండి.

అసలు ప్రశ్నకి వస్తాను, అప్పగించేయనా, నేర్చుకోనా అని.

అబ్బాయికి అప్పగిస్తే పని జరుగుతుంది, అది నిజం. అతను దూరం నుంచి చేయగలడు, ప్రేమగానే చేస్తాడు. కానీ ఆ పద్ధతిలో మీకు ఒక అలవాటు పడుతుంది, ఫోన్ మోగితే ఓటీపీ చదివి చెప్పడం. ఇవాళ అడిగింది మీ అబ్బాయి. రేపు "అమ్మా, కొత్త నంబరు నుంచి చేస్తున్నాను, తొందరగా చెప్పు" అని ఇంకెవడో అంటే? చెప్పేయడం అలవాటైన నోరు ఆగదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది మీ ఉత్తరంలో ఈ ఒక్క విషయమే. అతనికే అప్పగించాలనుకుంటే, కనీసం బిల్లులు అతని ఖాతాలోంచి అతన్నే కట్టమనండి, అప్పుడు మీ ఓటీపీతో పని లేదు. మీ ఖాతా ఓటీపీ మాత్రం ఎవరికీ ఫోన్‌లో చెప్పకూడదని ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకోండి. ఎప్పుడైనా చెప్పేసి డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ నేరాల కోసం దేశమంతటికీ ఉన్న నంబరు. బ్యాంకుకి కూడా అప్పుడే చెప్పాలి.

నెట్ సెంటర్‌కి వెళ్లడం తప్పేమీ కాదు, ప్రింటు కావాలంటే ఎలాగూ వెళ్లాలి. పొలం కాగితం లాంటి చూసే పనులు అక్కడ నిశ్చింతగా చేయించుకోండి. బ్యాంకు పని మాత్రం అక్కడ వద్దంటాను. ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు, కానీ ఆ నోట్‌బుక్ బల్ల మీద పడి ఉంటుంది, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూస్తారు. ఈ వారంలోనే ఆ పాస్‌వర్డ్ మార్చేయండి, అతనితో గొడవ పడక్కర్లేదు, చెప్పక్కర్లేదు కూడా. అక్కడ ఎప్పుడైనా లాగిన్ అవ్వాల్సి వస్తే ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవమనండి, పని అయ్యాక లాగౌట్ చేసి ఆ కిటికీ మూసేస్తే మీ లాగిన్, మీరు చూసిన పేజీల జాబితా ఆ బ్రౌజర్‌లో మిగలవు. పాస్‌వర్డ్ దాచమంటారా అని పెట్టె వస్తే వద్దనండి. ఇంతా చేసినా పరాయి కంప్యూటర్ పరాయిదే, అందులో ఇంకేముందో మనకి కనిపించదు.

ఇక మీరే నేర్చుకోవడం. దీనికి ఖరీదు టైము, ఓపిక. మొదటి రెండు నెలలు మీ అబ్బాయి పది నిమిషాల్లో చేసే పని మీకు గంట పడుతుంది, మధ్యలో ఏడుపొస్తుంది, ఇది ముందే తెలిసి దిగండి. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పటికే మీరు పెద్దవారు, మీ బడిలో దీని ఊసే లేదు, రాకపోవడం మీ తప్పెలా అవుతుంది? కొత్తది నేర్చుకోవడం మాటకొస్తే, గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకి చదువుకోవడానికి పుస్తకాలే లేవు, మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మాట మాట అడిగి నేర్చుకున్నారు. మీకూ పనికొచ్చే పద్ధతి అదే అనుకుంటాను. పక్కన మనిషి కూర్చోవాలి, మౌస్ మాత్రం మీ చేతిలోనే ఉండాలి.

మీ అబ్బాయికి ఇది సూటిగా చెప్పండి. ఈసారి వచ్చినప్పుడు నాకు అన్నీ చూపించొద్దు, నా చేతిలోంచి మౌస్ లాక్కోవద్దు, నేను తప్పు నొక్కితే నొక్కనివ్వు అని. అతని విసుగు మీ మీద కాదక్కా, కనిపించని స్క్రీన్ గురించి ఫోన్‌లో చెప్పాల్సి రావడం మీద. వీడియో కాల్ చేసి ఫోన్ కెమెరా ల్యాప్‌టాప్ వైపు తిప్పి పెడితే సగం కేకలు తగ్గుతాయి. అతను చేసి పెట్టాల్సిన పని ఒకటి ఉంది. మీకు కావాల్సిన నాలుగైదు సైట్లు, భూలేఖ్, కరెంటు బిల్లు, బ్యాంకు లాంటివి సరైనవి తెరిచి, అడ్రస్ బార్ కుడి చివర ఉన్న నక్షత్రం నొక్కి దాచి, వాటికి తెలుగులో పేర్లు పెట్టమనండి. దాన్ని బుక్‌మార్క్ అంటారు, బుక్‌మార్క్స్ బార్ ఎప్పుడూ కనిపించేలా కూడా పెట్టమంటే ఆ పేర్లు పైన వరసలో కనిపిస్తూ ఉంటాయి. అప్పుడు మీరు వెతకక్కర్లేదు, ఆంధ్రా సైట్‌లోకి వెళ్లిపోవడం ఉండదు, ప్రకటనల్లో పడటం ఉండదు. 'మా పొలం' అని రాసి ఉన్న చోట నొక్కడమే.

ఒడియా పేజీ చదవలేకపోతే దానికీ దారి ఉంది. పేజీ మీద ఖాళీ చోట మౌస్ కుడి మీట నొక్కితే ట్రాన్స్‌లేట్ అని వస్తుంది, ఫోన్‌లో అయితే మూడు చుక్కల్లో ఉంటుంది, భాష తెలుగు ఎంచుకోవాలి. గూగుల్ అనువాదంలోకి ఒడియా చేరింది 2020లో, అంతకుముందు మనకి ఈ వీలు లేదు. కాకపోతే అది మనుషుల పేర్లని, ఊళ్ల పేర్లని కూడా మాటలనుకుని అనువాదం చేసేస్తుంది, కొన్నిచోట్ల అర్థం తిరగబడుతుంది. ఏ గడిలో ఏముందో తెలుసుకోవడానికి తెలుగులో చూడండి, పేరూ నంబరూ మాత్రం మళ్లీ ఒడియాలోనే చూసి పాత పట్టాతో పోల్చుకోండి. మీకు కూడబలుక్కుని చదవడం వచ్చు కదా, ఒక పేరుకి అది చాలు.

బీరువాలోంచి ల్యాప్‌టాప్ తీశాక మొదటి రోజు ఆ నోటిఫికేషన్ తీసేయండి, రెండో రోజు భూలేఖ్ తెరిచి చూడండి. అందులో ఇంకా మాస్టారి పేరే కనిపిస్తే కంగారు పడొద్దు, ఎవరైనా దరఖాస్తు పెట్టేదాకా రికార్డులో పేరు దానంతట అది మారదు. వారసుల పేరుకి మార్చుకోవడానికి తహసీల్దారు దగ్గర మ్యూటేషన్ అడగాలి, ఏయే కాగితాలు కావాలో తహసీల్ ఆఫీసులోనే చెబుతారు. ఆ రోజు ఖాతా నంబరు, ప్లాట్ నంబరు మీరే స్క్రీన్ మీద చూసి కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. పేరు మారాక మళ్లీ ఒక ఉత్తరం రాయండి అక్కా, ఎదురుచూస్తుంటాను.